నీళ్ళలో పోయింది

మార్చి మొదటి శనివారం ఉదయం ఐదున్నరకి రాజమండ్రిలో బయల్దేరాలని శ్యాంబాబు తన ప్లానులో రాసుకున్నాడు. ఐదూ ఇరవై ఐదుకే భార్య రూతుతో సహా అమలాపురం బస్సెక్కేశాడు. ఆ రెండు రోజుల్లో ప్లాను ప్రకారం జరిగిన పని అదొక్కటే.

శ్యాంబాబు నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు. ఇరవై ఎనిమిదేళ్ళుగా గోదావరి ఎటు పారుతోందో, ఎంత పారుతోందో ఫైళ్ళలో రాస్తున్నాడు. చిన్నప్పుడు కొవ్వూరు రేవులో అన్నయ్య లాజరు ఈత నేర్పిన తరవాత మాత్రం మళ్ళీ ఆ నీళ్ళలో దిగలేదు. యాభై నాలుగో ఏట దిగాలనిపించింది. బోడసకుర్రు వంతెన దగ్గర కయాక్ తీసుకుని, వైనతేయ పాయలో సముద్రం దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్ళడం, రాత్రికి ఒడ్డున టెంటు వేసుకోవడం, ఆదివారం పొద్దున్నే తీరం వెంబడి పన్నెండు కిలోమీటర్లు నడవడం. ఇదీ నాలుగు పేజీల ప్లాను సారాంశం.

"గైడ్ ఎవరూ ఉండరా?" అని అడిగింది రూతు. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ఏ జవాబుకైనా రెండు మెట్లు చూపించందే మార్కు వెయ్యదు.

"ఈ నది గురించి నాకంటే తెలిసిన గైడ్ ఎవరే?" అన్నాడు శ్యాంబాబు.

ఆదివారం ఆరాధనకి రాలేకపోతున్నామని చర్చిలో ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. రూతు బస్సులో కూర్చుని, స్త్రీల సమాజం కార్యదర్శి రెబెక్కాకి మెసేజ్ పెట్టింది: 'బోడసకుర్రు దగ్గర రెండు రోజులు నీళ్ళ మీద ఉంటాం. మా కోసం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.' అందరూ ఉత్తరం చివర రాసే మాటే.

కయాక్ అద్దెకిచ్చే సత్తియ్య పుట్టి పెరిగిందంతా ఆ రేవులోనే. పసుపురంగు ప్లాస్టిక్ పడవని నీళ్ళలోకి తోస్తూ ఒక మాట చెప్పాడు.

"అయ్యగారూ, తొమ్మిదిన్నరకి పోటు తగుల్తాదండి. సముద్రం నీళ్ళు ఎదురొస్తాయి. మధ్యాన్నం దాకా ఆగితే ఆటుకి పడవ దానంతటదే పోద్ది."

"నేను చూశానయ్యా. ఒంటిగంట దాకా ఆటే."

"ఎక్కడ చూసేరండి?"

"ఫోన్లో."

"ఆయ్," అన్నాడు సత్తియ్య. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి సరేనని అర్థం. మీ ఇష్టం, మీ ఖర్మ అని కూడా అర్థం. ఫోన్లోని పట్టికలో ఆటు గడిని పోటుగానూ, పోటు గడిని ఆటుగానూ చదివిన సంగతి శ్యాంబాబుకి అప్పటికింకా తెలీదు.

తొమ్మిదిన్నర దాకా ప్రయాణం హాయిగా సాగింది. ముందు రూతు, వెనక శ్యాంబాబు, రెండు వైపులా కొబ్బరి తోటలు. ఆ తరవాత తెడ్డు బరువెక్కింది. ముప్పావు గంట చెమటలు కక్కుతూ తెడ్లు వేశాక రూతు ఒడ్డు వైపు చూసింది.

"ఏవండీ, ఆ గేదె నడుస్తోందా?"

"లేదే, పడుకునుంది."

"ఇందాక అది మన వెనకాల ఉంది. ఇప్పుడు ముందుంది."

"అయితే?"

"అయితే మనం వెనక్కి పోతున్నాం."

శ్యాంబాబు ఈ లెక్క ఒప్పుకోలేదు. మ్యాపు చూసి తేల్చేస్తానని, సంచీలోంచి ఫోను తీసి లేచి నిలబడ్డాడు. కయాక్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ లేచి నిలబడరాదని ప్లాను రెండో పేజీలో రాసింది అతనే. పడవ ఒకసారి కుడికి ఊగింది, ఒకసారి ఎడమకి ఊగింది, మూడోసారి శ్యాంబాబుని దింపేసింది. నీళ్ళు నడుం లోతే గానీ అడుగున బురద మోకాళ్ళ దాకా పట్టేసింది. ఫోనూ, పవర్ బ్యాంకున్న సంచీ, ఎడమ కాలి బూటూ గోదావరి తీసుకుంది. పడుతూ లేస్తూ పడవని ఒడ్డుకి చేర్చింది మాత్రం రూతే.

"నా ఫోన్లో నాలుగు శాతమే ఉంది. రెబెక్కాకి ఒక్క ముక్క చెప్పేస్తాను. లేకపోతే మీకు ఫోన్ చేసి, తగలక కంగారు పడతారు," అంది. చేతులనిండా బురద కనక టైపు చెయ్యకుండా, నోటితో చెబితే రాసుకునే మీట నొక్కి, గాలి హోరులో గట్టిగా రెండు వాక్యాలు చెప్పి పంపేసింది. ఆ వెంటనే ఫోను ఆరిపోయింది.

సత్తియ్య చెప్పినట్టే మధ్యాహ్నానికి ఆటు మొదలైంది. ఈసారి పడవ ఎంత దూకుడుగా పోయిందంటే తెడ్డుతో పనే లేకపోయింది. ఓడలరేవు దగ్గర ఒడ్డెక్కాలని ప్లాను. ఓడలరేవు ఎడమ చేతి వైపు వచ్చింది, కాసేపు కనిపించింది, వెనక్కి వెళ్ళిపోయింది. ఎదురుగా పాయ ముగిసే మొగ, ఆ అవతల సముద్రం. రూతు కళ్ళు మూసుకోకుండానే ప్రార్థన చేస్తూ, ఎడమ వైపుకి తెడ్డు తొయ్యమని మధ్యమధ్య మొగుడికి కేకలు వేసింది. పది నిమిషాలు చావుకీ బతుక్కీ మధ్య గడిచాయి. ఒక పెద్ద కెరటం విసుగ్గా లేపి, మొగకి తూర్పున రెండు కిలోమీటర్ల అవతల, మనిషి సంచారం లేని ఇసకలో వాళ్ళని పడేసింది.

పడవని సరుగుడు తోటలోకి లాగి టెంటు వేశారు. తినడానికి తడవకుండా మిగిలింది పులిహోర డబ్బా ఒక్కటే. పొద్దుగూకే వేళ ఇద్దరూ ఇసకలో కూర్చుని దాన్ని ఖాళీ చేశారు.

"ఇందాక కెరటం లేచినప్పుడు 'అన్నయ్యా' అని అరిచారు మీరు," అంది రూతు.

"నేనా? 'అమ్మా' అని ఉంటాను."

"నాకు చెవుడు లేదు."

అన్నదమ్ములు మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. కొవ్వూరులో తండ్రి స్థలం రెండు వాటాలు వేసినప్పుడు, మధ్య గోడ తన వైపుకి జానెడు జరిగిందని లాజరు అన్నాడు. నువ్వు పట్టిన టేపుతోనే కట్టాం కదా అని శ్యాంబాబు అన్నాడు. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో కూడా ఒకరు మొదటి బంతిలోనూ, ఒకరు మూడో బంతిలోనూ తింటున్నారు.

తెల్లవారాక, ఒక కాలికి బూటుతో, రెండో కాలికి రూతు చున్నీ చుట్టుకుని శ్యాంబాబు తీరం వెంబడి తూర్పుకి నడక మొదలుపెట్టాడు. పది గంటలకి చేపల పల్లె ఒకటి వచ్చింది. ఒడ్డున జనం గుంపులుగా ఉన్నారు. సముద్రంలో నాలుగైదు మరపడవలు వలలు వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాయి. రోడ్డు పక్కన తాటాకు పాక కింద వీరవేణి అనే ఆవిడ టీ కాస్తోంది. రూతు ఫోను ఛార్జింగుకి పెట్టింది. శ్యాంబాబు బల్ల మీద కూలబడ్డాడు.

"ఏంటమ్మా ఈ సందడి?"

"రాజమండ్రి ఆఫీసరెవరో నిన్న పాయలో మునిగిపోయాడంటండి. మొగ కాడ పోయింది ఏదైనా ఈ ఒడ్డుకే కొట్టుకొత్తాదండి. అందుకని ఇక్కడ కాసుకున్నారు."

"అయ్యో పాపం," అన్నాడు శ్యాంబాబు. "ఆటుపోట్లు చూసుకోకుండా దిగి ఉంటాడు. చదువుకున్న వాళ్ళే ఇలా చేస్తారమ్మా. నీటితో ఆటలా? నన్నడిగితే అలాంటివాళ్ళని అసలు రేవు దగ్గరే ఆపెయ్యాలి."

"ఆయ్. సత్తియ్య చెప్పేడంటండి, వినలేదంట."

శ్యాంబాబు చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. రూతు ఫోను అందుకుంది. అది ప్రాణం పోసుకున్న దగ్గర్నుంచి ఒకటే మోత. రెండు వందల పద్నాలుగు మెసేజ్‌లు.

అన్నింటికంటే పైన తను పంపిందే ఉంది. ఆమె చెప్పింది 'ఆయన ఫోను నీళ్ళలో పోయింది' అని. గాలి మధ్యలో ఒక మాట ఎగరేసుకుపోయింది. చేరింది ఇదీ: 'ఆయన నీళ్ళలో పోయింది. ఇంక ఆయనకి ఫోన్ చెయ్యకండి.'

దాని కిందే రెబెక్కా సమాజమంతటికీ పంపింది: 'రూతక్క భర్త శ్యాంబాబు గారు ప్రభువు నందు నిద్రించారు. పాపం, దుఃఖంలో అక్కకి పోయారో పోయిందో కూడా తెలియలేదు.' ఏ నీళ్ళని పెద్దాపురం నుంచి ఒకావిడ అడిగింది. ఊపిరితిత్తుల్లో నీళ్ళని ఇంకొకావిడ జవాబిచ్చింది. సాయంత్రానికి రెండు కబుర్లూ కలిసిపోయి, శ్యాంబాబు గోదావరిలో పడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, అమలాపురం తీసుకెళ్తుండగా మరణించి, మళ్ళీ గల్లంతయ్యాడు. ఆఫీసు గ్రూపులో అందరూ తీరని లోటన్నారు. పావుగంట పోయాక గణేష్‌బాబు అనే జూనియరు, తనకి నడుం నొప్పి ఉంది కనక సారు కూర్చునే కిటికీ పక్క సీటు ఇప్పించవలసిందని వినయంగా రాశాడు. దాని కింద పదకొండు మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అవి సంతాపానికో, సీటుకో తెలియలేదు.

"సంతాపం కార్డులో నా బొమ్మ కూడా ఎవడి పెళ్ళిలోదో వేశారు. చేతిలో ఐస్‌క్రీము ఉంది," అన్నాడు శ్యాంబాబు నీరసంగా.

"అది తరవాత చూద్దురు గానీ, ఇది చూడండి," అంది రూతు. రెబెక్కా రాసిన చివరి మెసేజ్. 'లాజరు గారు నిన్న మధ్యాహ్నమే బయల్దేరి వెళ్ళారు. అన్నం ముట్టలేదట.'

వీరవేణి వాళ్ళ మొహాలు చూసింది గానీ సంగతి అర్థం కాలేదు. "ఆయన అన్నగారంటండి. అదిగో, తెల్లారగట్ల నించీ అక్కడే నించున్నాడు. టీ ఇచ్చినా తాగలేదు," అని చెయ్యి చూపించింది.

నీళ్ళ అంచున తెల్ల లాల్చీలో, మోకాళ్ళ దాకా తడిసి, అటు తిరిగి నించుని ఉన్నాడు లాజరు. అరవై రెండేళ్ళ మనిషి. వీపు కాస్త వంగింది. ఆ వంగడం శ్యాంబాబుకి కొత్తగా ఉంది. చున్నీ కట్టిన కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, నాలుగడుగుల దూరంలో ఆగాడు. అన్న సముద్రంతో మాట్లాడుతున్నాడు.

"శ్యామూ, ఒరేయ్... ఈత నేర్పింది నేనే కదరా. సరిగ్గా నేర్పలేదేమోరా. ఆ గోడ సంగతి, తప్పు నాదేరా. నేను పట్టిన టేపు మడత పడింది. నాకు ఆ రోజే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఆ జానెడూ నీదే. మొత్తం నీదే. వచ్చెయ్యరా..."

శ్యాంబాబు నోరు తెరిచాడు. పిలవాలి. కానీ తొమ్మిదేళ్ళుగా వినాలనుకున్న మాటలు. ఇంకొక్క వాక్యం వింటే ఏం పోతుందనిపించింది. వెనక నుంచి రూతు జబ్బ మీద గట్టిగా గిల్లింది.

"అన్నయ్యా!"

లాజరు తిరిగాడు. ముందు మొహం తెల్లబోయింది. తరవాత రెండు చేతులూ చాపి ముందుకొచ్చి, తమ్ముడి భుజాలూ, చెంపలూ, చెవులూ తడిమి చూశాడు. గట్టిగా కావలించుకున్నాడు. ఒడ్డున జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అలా ఎంతసేపున్నాడో, ఉన్నట్టుండి వెనక్కి తోసేశాడు.

"ఎంతసేపయిందిరా నువ్వొచ్చి?"

"ఇప్పుడే."

"విన్నావా?"

"టేపు దగ్గర్నించీ."

"టేపు బాగానే ఉంది!" అని అరిచాడు లాజరు. కళ్ళనీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. "ఆ మాట చచ్చిపోయిన మా తమ్ముడితో అన్నాను. నీతో కాదు! జానెడు నాదే!"

"సరే అన్నయ్యా, నీదే. మొత్తం గోడ పడగొట్టేద్దాం."

"ఎందుకు పడగొట్టడం? కట్టింది నువ్వొక్కడివేనా? బుద్ధుందా నీకు? పోటు వేళ పాయలో దిగకూడదని తెలీదా? ఇంజనీర్ల ఆఫీసులో ఏం నేర్చుకున్నావురా? రూతూ, నువ్వైనా చెప్పొద్దా వీడికి?"

"చెప్పాను బావగారూ. గేదెని కూడా చూపించాను."

ఈలోగా చర్చి వాళ్ళ వ్యాను దగ్గర్నుంచి పాస్టరు విజయ్ పాల్ గారు, పూలదండతో రెబెక్కా పరుగెత్తుకొచ్చారు. రెబెక్కా రూతుని పట్టుకుని ఏడ్చి, తరవాత తెలుగు వ్యాకరణం మీద కోప్పడింది. విజయ్ పాల్ గారు చేతిలో కాగితాలు ఒకసారి చూసుకుని, ఆదరణ వాక్యమని రాసుకొచ్చిన చోట కొట్టేసి, స్తుతి వాక్యమని దిద్దుకున్నారు. మిగతాదంతా అలాగే సరిపోతుందన్నారు. దండ వృథా చెయ్యడం ఇష్టంలేక వీరవేణి పాకకి కట్టారు.

రూతు రెబెక్కా పక్కన సర్దుకున్నాక వ్యానులో ఒక్క సీటే ఖాళీ. అది లాజరు పక్కన. తమ్ముడి కాలికి చుట్టిన చున్నీ విప్పి, తన తువ్వాలుతో ఇసక తుడిచి, మళ్ళీ తనే కట్టాడు లాజరు. ఆ కట్టడంతో పాటే తిట్లు మొదలుపెట్టాడు. గోడ, టేపు, పెళ్ళిళ్ళలో మొహం తిప్పుకోవడం, అమ్మకి జబ్బు చేసినప్పుడు ఆలస్యంగా రావడం, ఎనిమిదో తరగతిలో తన సైకిలు చక్రం వంకర చెయ్యడం, ఏదీ వదల్లేదు. అమలాపురం వచ్చింది, పోయింది. కొత్తపేట వచ్చింది, పోయింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు.

రావులపాలెం దాటేసరికి, తొమ్మిదేళ్ళ మౌనంలో కూడా కొంత సుఖం ఉండేదని శ్యాంబాబుకి అనిపించింది.