మందుల చీటీకి ఇంటి సవరణ

మా చెల్లెలి మొటిమలకు చర్మం డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో రెండో మందు, ఇంటిల్లిపాది ఏకగ్రీవ తీర్మానంతో రద్దయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

చెల్లెలు కళ్లజోళ్ల దుకాణంలో ముందు కౌంటరు మనిషి. అద్దం ముందు వచ్చినవాళ్ల పక్కన నిలబడి ఫ్రేము సరిచేయాలి. రెండు ముఖాలూ ఒకే అద్దంలో పడతాయి. నెలలో మొటిమలు తగ్గకపోతే వెనక గోదాములో పెట్టెలు సర్దుకోమని యజమాని మర్యాదగానే చెప్పాడు.

డాక్టరమ్మ రెండు ట్యూబులు రాసింది. ఒకటి మొటిమల క్రీము. అది చర్మాన్ని ఎండబెడుతుంది కనుక తోడుగా మాయిశ్చరైజరు. రెండోది మానేస్తే మొదటిదాన్ని ముఖం తట్టుకోలేదని మరీమరీ చెప్పిందట. పాపం, ఇళ్లలో పెద్దవాళ్లుంటారన్న సంగతి ఆమెకు చదువులో చెప్పినట్టు లేదు.

సభకు పెద్దమ్మ అధ్యక్షత వహించింది. "జిడ్డు వల్ల మొటిమలొస్తే, దాని మీద మళ్లీ జిడ్డు పూస్తారా ఎవరైనా?"

"ఇందులో నూనె లేదు పెద్దమ్మా. ట్యూబు మీద రాసుంది," అంది చెల్లెలు.

"రాసిందల్లా నమ్మితే ఇక మేమెందుకే?"

ముప్పై ఏళ్లు రికార్డు గదిలో పనిచేసిన నాన్న తీర్మానం చదివాడు. నేను చెయ్యెత్తాను. అమ్మ సగం ఎత్తింది. పూర్తిగా ఎత్తినట్టే పరిగణించాం. కొన్న మందు పారేయడం పాపం కనుక, పగిలిన తన మడమలకు రాసుకునే భారం పెద్దమ్మ ఉదారంగా తలకెత్తుకుంది.

మొదటి వారం చెల్లెలి ముఖం మండింది. రెండో వారం పొట్టు లేచి, నవ్వితే మూతి చుట్టూ చర్మం చిట్లింది. లోపలి చెడు బయటికి పోతోందని నాన్న ప్రకటించి, క్రీము రెండు పూటలా రాయించాడు. మూడో వారం నీళ్లు తగిలినా ఏడుస్తూ ఆ క్రీమూ మానేసింది. మొటిమలు బంధుమిత్ర సపరివారంగా తిరిగొచ్చాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దమ్మ డాక్టరమ్మను తిట్టిపోసింది.

నెల తిరగ్గానే చెల్లెలు గోదాముకు మారింది. సాయంత్రం దుమ్ము కొట్టుకున్న బట్టలతో వచ్చి, నాతో ఒక్క మాటే అంది.

"ట్యూబు మీద రాసింది నాకు చదివి వినిపించింది నువ్వే కదన్నయ్యా."

నాకు సిగ్గేసింది. కానీ తీర్మానం తీర్మానమే.

పెద్దమ్మ మడమలు మాత్రం అద్దాల్లా నిగనిగలాడుతున్నాయి. వీధిలో ఎవరికి మొటిమ లేచినా ఇప్పుడు ఆమె దగ్గరికే వస్తున్నారు. ఆమె పాదం చూపిస్తుంది, వాళ్లు నమ్ముతారు. మొన్న ఆదివారం ఆ వరసలో మిమ్మల్నీ చూశాను. పలకరిస్తే ముఖం తిప్పుకున్నారు. డాక్టరు రాసిచ్చిన చీటీ మీ చేతిలోనే ఉంది.