మోట ఎద్దులు తిప్పిన మిల్లింగ్ మెషీను

అయ్యలారా, అమ్మలారా! ఊళ్ళో కరెంటు లేకపోవడమంత అదృష్టం లోకంలో మరొకటి లేదు. నమ్మకం కుదరని వారు పట్నం దీపాలు వదిలి, ఒక్క పూట మొయినాబాదు వచ్చి కమ్మరి నర్సింహ కొట్టం చూడండి.

యుద్ధకాలం. చిల్కూరు రైతు సత్తయ్య చెరకు గానుగలో ఇనుప పళ్ళచక్రం విరిగింది. పట్నం కార్ఖానాలన్నీ ఫౌజు పనిలో మునిగి, "మూడు నెలలు ఆగు" అన్నాయి. చెరకు ఆగుతుందా? కోతకొచ్చిన పైరు పొలంలోనే ఎండడం మొదలుపెట్టింది. ఆ ఇంటికి ఏడాది తిండి అదే.

సత్తయ్య వచ్చి మొరపెట్టుకుంటే నర్సింహకు ధైర్యం పుట్టింది. మూతబడ్డ ఒక కార్ఖానా హర్రాజు పాటలో పాత మిల్లింగ్ మెషీను కొన్నాడు. ఇనుప బిళ్ళను దాని బల్ల మీద బిగిస్తే, పైన తిరిగే కట్టరు జున్నులా కోసి పళ్ళు తీస్తుందట! బండి మీద తెచ్చి, మూడు దూలాలు కట్టి, గొలుసుతో దించాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి, ఏ వైపూ వాలకుండా కాళ్ళ కింద రేకు ముక్కలు దూర్చాడు. అన్నీ అమరాయి. మరి తిప్పేదెవరు?

కరెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. ఇటువైపు తీగ లాగే ఆలోచన లేదని జవాబు వచ్చింది. ఎంత దయ! కరెంటే వస్తే ఏమయ్యేది? మీట నొక్కగానే పని అయిపోయేది. ఊరంతా చేరి చూసే ముచ్చట ఉండేదా? సలహాలిచ్చే పెద్దమనుషులు ఏమైపోవాలి?

నర్సింహ కొట్టం ముందు గుంజ పాతి, ఎద్దులు చుట్టూ తిరిగి తిప్పే చక్రం అమర్చాడు. చిరిగిన మోట తోలు కుట్టి బెల్టు చేశాడు. గానుగ విరిగిందని సత్తయ్య తన గానుగ ఎద్దులను అప్పటికే శంకర్‌పల్లికి కిరాయికి పంపాడు. ఇంట్లో మిగిలిన మోట ఎద్దులనే తోలుకొచ్చాడు.

మోట ఎద్దుల చదువు వేరు. బావిలోంచి నీళ్ళ తోలుసంచిని లాగుతూ ఇరవై అడుగులు ముందుకు పోవాలి, నీళ్ళు కాలువలో పడగానే అంత దూరమూ వెనక్కి నడవాలి. ఇక్కడా ఇరవై అడుగులు ముందుకు నడిచాయి. కట్టరు హుందాగా ఇనుమును కోసింది. ఊరు చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే ఎద్దులు వెనక్కి నడిచాయి! కట్టరు ఎదురు తిరిగి, దాని అంచులు మూడు విరిగాయి.

సత్తయ్య తల పట్టుకున్నాడు. "చెరుకు ఎండుతున్నది నర్సింహా. ఎట్ల జేద్దాం?"

నర్సింహ భార్య జంగమ్మ వాకిట్లోంచి నవ్వింది. "ఎద్దులకు మీ మిషిని చదువు రాదు. మీరే ఎద్దుల చదువు నేర్చుకోండ్రి. అవి ముందటికి పోతుంటే బల్ల ఎత్తి ఇనుము కట్టరుకు తగిలించు, ఎనుకకు వస్తుంటే దించు. గంతే!"

అంతే అయింది. కట్టరుకు మిగిలిన అంచులతోనే కోత సాగింది. ఎత్తుతూ, దించుతూ నర్సింహ భుజాలు వాచాయి. రోజుకు రెండు పళ్ళు. మొత్తం ఇరవై ఎనిమిది కావాలి. తొమ్మిది రోజుల్లో పద్దెనిమిది తెగాయి. ఇంకో ఐదు రోజులు! సత్తయ్య బెల్లం పెనం తోమించి పెట్టుకున్నాడు.

పదో రోజు పొద్దున్నే పట్నం నుంచి స్తంభాలు దిగాయి. కరెంటు! నర్సింహ పరుగెత్తి, స్తంభాలు పాతించడానికి వచ్చిన ఓవర్సీరు చేతులు పట్టుకున్నాడు.

"మా మిషినుకు ఎప్పుడిస్తరు సాబ్?"

"నీకెందుకు? నవాబుగారి శికారు బంగళాకు. ఏడాదికి రెండు దినాలు వస్తరు. పంకా తిరగాలె గద!"

స్తంభం ఎక్కడ పాతాలో నక్షాలో గీసి ఉంది. సరిగ్గా ఎద్దులు తిరిగే చోట, నడుమ. కొట్టానికి మిగతా మూడు వైపులా బండరాళ్ళే.

"జర పక్కకు జరుపుండ్రి సాబ్, ఐదే ఐదు దినాలు," అని సత్తయ్య బతిమాలాడు.

"నక్షా మార్చుడు నా చేతుల లేదు," అన్నాడు ఓవర్సీరు. గుంజ పీకించాడు. స్తంభం పాతించాడు.

ఇప్పుడు మీరే తీర్పు చెప్పండి! కరెంటు లేనన్నాళ్ళు మొయినాబాదులో రోజుకు రెండు పళ్ళు తెగాయి. వచ్చిన నాటి నుంచి ఒక్కటీ తెగలేదు. ఖాళీ బంగళాలో పంకా తిరుగుతోందట. సత్తయ్య ఎండిన చెరకు నరికి పొయ్యిలోకి మోస్తున్నాడు.

నర్సింహ మళ్ళీ దరఖాస్తు రాయించాడు. ఈసారి కరెంటు ఇమ్మని కాదు. వచ్చిన కరెంటును దయచేసి వెనక్కి తీసుకుపొమ్మని.