తాస్యా పొద

ఆకులు రాలిపోయాయి గానీ నేల ఇంకా గడ్డకట్టలేదు. ప్రొఖోర్ ఇల్యిచ్ ఆ ఉదయం టీ తాగుతూ ఒక నిర్ణయానికి వచ్చాడు. తోట చివర కంచె పక్కనున్న స్మొరోదినా పొదను తవ్వి తీసి, వంటింటి కిటికీ కింద నాటాలి. పుల్లటి నల్ల పళ్ళు కాసే ఆ పొదను పెంచింది ఆయన భార్య తాస్యా. ఆమె పోయి ఏడాది తిరగలేదు. ఇంట్లో ఆమె కప్పులున్నాయి, శాలువాలున్నాయి, కానీ ప్రాణమున్నది ఆ పొద ఒక్కటే. దాన్ని చూస్తూ టీ తాగాలని ఆయన ఆశ. అంతకు మించిన ఆశలేవీ ఆయనకు మిగల్లేదు.

ముందు కిటికీ కింద గొయ్యి తీశాడు. తర్వాత కొమ్మలన్నీ జానెడు మిగిలేలా కత్తిరించి, కోసిన ముక్కల్ని మళ్ళీ నాటుకోవడానికి పక్కన కుప్ప పోశాడు. వేళ్ళు తెగకుండా పొదను పెకలించి గోనె మీద పడుకోబెట్టాడు. అప్పుడు కంచె అవతల రిమ్మా అర్కాద్యెవ్నా తల కనిపించింది. ఆవిడ తాస్యాకు ప్రాణస్నేహితురాలు.

"తీసేస్తున్నారా, ప్రొఖోర్ ఇల్యిచ్?"

"తీసేస్తున్నా."

"ఏడాదన్నా కాలేదు కదండీ."

"ఇంకెన్నాళ్ళు ఆగను? ఒక్కణ్ణే కూర్చుని టీ తాగలేకపోతున్నా. కాస్త తోడుంటుందని."

రిమ్మా తిన్నగా రొట్టెల కొట్టుకు వెళ్ళింది. ఆవిడ రొట్టె సంచిలో వేసుకునేసరికి ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడని, పెళ్ళికూతురిది కోస్త్రోమా పట్నమని తేలింది. వీధి మలుపు తిరిగేసరికి ఆ పెళ్ళికూతురికి బంగారు పన్ను కూడా వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆడవాళ్ళు క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టెలు పట్టుకుని పరామర్శకు దిగారు.

"మీ ఇంటికి ఎవరో వస్తున్నారటగా?" అంది పోస్టాఫీసు లీదియా.

"వచ్చారుగా మీరంతా," అన్నాడు ఆయన అయోమయంగా, కెటిల్ పెట్టడానికి లోపలికి వెళ్తూ.

అడిగి తెచ్చుకున్న కొమ్మ కంటే దొంగిలించిన కొమ్మ బాగా వేరు పడుతుందని ఆ వీధిలో అందరికీ గట్టి నమ్మకం. పైగా తాస్యా పొద ఆ కోస్త్రోమా మనిషి కాళ్ళ కింద పడకూడదు కదా. నీళ్ళు మరిగేలోగా కొమ్మల కుప్ప మొత్తం బుట్టల్లోకి, కోట్ల మడతల్లోకి వెళ్ళిపోయింది. అంతలో చెత్త బండి తోసుకుంటూ వీధి కాపలాదారు యెఫీమ్ వచ్చాడు.

"ఈ మోడు పారేసిందేనా?"

"పారేసిందే," అంది రిమ్మా కళ్ళు తుడుచుకుంటూ. "మనుషులు అలా తయారయ్యారు."

ప్రొఖోర్ ఇల్యిచ్ కప్పుల పళ్ళెంతో బయటికి వచ్చాడు. గోనె ఖాళీగా ఉంది. వీధి చివర యెఫీమ్ ఆకులు తగలబెడుతున్న పొగ లేస్తోంది.

"పొద ఏదీ?"

"దాంతో మీకింకేం పని?" అంది రిమ్మా.

"కిటికీ కింద నాటడానికి. చూస్తూ టీ తాగుదామని గొయ్యి కూడా తీశా."

అందరూ గొయ్యి వంక చూశారు. రిమ్మా చూపు వీధి చివర పొగ వైపు తిరిగింది. ఆయన పళ్ళెం నేల మీద పెట్టి పరుగెత్తాడు. మంట దగ్గరికి చేరేసరికి నల్లటి బొగ్గే మిగిలింది. ఆయన పొగలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యెఫీమ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కర్టెన్ తీస్తే కిటికీ కింద నేలంతా నిన్నటి కుప్పలోని పుల్లలే. ఏటవాలుగా, ఒత్తుగా, ఎవరికి తోచిన వరసలో వాళ్ళు గుచ్చిపోయారు. మట్టిలో రకరకాల బూట్ల గుర్తులున్నాయి. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత మంచి కోటు వేసుకుని రిమ్మా ఇంటికి వెళ్ళాడు.

"రిమ్మా అర్కాద్యెవ్నా, మీ అందరికీ నా కృత..."

ఆవిడ పిండి చేత్తో ఆయన నోరు మూసింది.

"ఆ మాటంటే ఒక్కటీ బతకదు. మొక్క ఇచ్చినవాళ్ళకి ఎవరన్నా ఆ మాట చెప్తారా? తాస్యా నేర్పలేదూ?"

"మరేమనాలి?"

"తిట్టండి. మేం చేసిన పనికి తిట్లే తగును."

ఆయన ఆలోచించాడు. "కొన్ని పుల్లలు తలకిందులుగా గుచ్చారు."

"ఊఁ."

"నోరు అదుపులో లేని గయ్యాళి మీరు," అన్నాడు. కన్నీళ్ళు గడ్డం మీదికి జారాయి.

"బావుంది. ఇప్పుడు లీదియా ఇంటికి వెళ్ళండి. ఎదురుచూస్తోంది పాపం."

ఆయన తిట్టకుండా ఏ ఇల్లూ వదల్లేదు. వసంతానికి తలకిందులుగా గుచ్చినవి తప్ప పుల్లలన్నీ చిగిర్చాయి, ప్రొఖోర్ ఇల్యిచ్‌కు మాత్రం నోటి దురుసు మనిషని పేరు స్థిరపడిపోయింది.