మీసాలున్న పసికందులు

"నేటి నుంచి మన పిల్లల వయసు మన చేతుల్లోనే ఉంది!" అని డర్బన్ దగ్గరి ఒట్టావా ఊళ్ళో మార్నింగ్ స్టార్ సాకర్ క్లబ్ చైర్మన్ హెర్బర్ట్ గారు చర్చి హాల్లో ప్రకటించగానే, వెనక వరసలో కూర్చున్న జోడీ తన చేతుల వంక చూసుకుంది. గోల్‌కీపర్ గ్లవుజులు తప్ప ఇంకేమీ కనబడలేదు.

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ కలిసి మొట్టమొదటిసారి ఓటేసి అప్పటికి నెల తిరగలేదు. అంతకుముందు డర్బన్ చుట్టుపక్కల తెల్లవాళ్ళకో సాకర్ సంఘం, నల్లవాళ్ళకో సంఘం, ఇండియన్లకో సంఘం, కలర్డ్ అనే మిశ్రమజాతి వాళ్ళకో సంఘం ఉండేవి. ఇప్పుడు నాలుగూ కలిసి ఒకే యూనిటీ సంఘం అయ్యాయి. కలిసిన సంఘం ముందుగా చేసిన ఘనకార్యం వయసు నియమం మార్చడం.

పాత లెక్క తేలిక. బళ్ళో స్టాండర్డ్ ఫైవ్, అంటే ఏడో తరగతి, చదివేవాళ్ళంతా అండర్ థర్టీన్. ఒట్టావాలో పిల్లల్ని బడికి నిదానంగా పంపేవారు. పంపాక కొందరు స్టాండర్డ్ ఫైవ్ మీద మమకారంతో దాన్ని రెండేసి సార్లు చదివేవారు. అందుచేత మార్నింగ్ స్టార్ అండర్ థర్టీన్ జట్టు పక్కనున్న చెరకు తోటలాగే ఏపుగా ఉండేది. కొత్త లెక్క ప్రకారం జనవరి ఒకటి నాటికి పదమూడు నిండినవాళ్ళు పై జట్టుకి పోవాలి.

"ఏ బెంచీ మీద కూర్చోవాలో పాత ప్రభుత్వం చెప్పింది. ఏ బీచ్‌లో మునగాలో అదే చెప్పింది. ఇక చాలు!" అన్నారు హెర్బర్ట్ గారు టై సర్దుకుంటూ. "ఒక మనిషికి ఒక ఓటు, ఒక పిల్లకి ఒక వయసు! ఈ నియమాన్ని మనస్ఫూర్తిగా ఆమోదిస్తున్నాం."

చప్పట్లు మోగుతుండగా కార్యదర్శి లొరెయిన్ ఆయన చెవి దగ్గర వంగింది. "అంకుల్, కొత్త లెక్కలో మన టీమ్‌లో ఎనిమిదిమంది ఓవరేజ్."

హెర్బర్ట్ గారు గ్లాసెడు నీళ్ళు తాగారు. మళ్ళీ లేచారు. "ఆమోదిస్తున్నాం," అన్నారు. "ఎప్పట్నించో మాత్రం తర్వాత చెప్తాం."

ఆ ఎనిమిదిమందిలో జోడీ ఒకతి. హెర్బర్ట్ గారి చెల్లెలి కూతురు. బళ్ళో హాజరు పిలిస్తే పలికిన మాట ముందు బెంచీకి కూడా వినబడదు. కానీ గోల్‌లో నిలబడి, జుట్టంతా టోపీలోకి దోపుకుని "వెనక్కి రండి!" అని అరిచిందంటే తోటి ఆటగాళ్ళే కాదు, మైదానం పక్కనుంచి వెళ్ళే బస్సు కూడా వెనక్కి వస్తుందేమో అనిపించేది. ఆడపిల్ల గోల్ కాయకూడదని పాత నియమాల్లో ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి ఆ ఆలోచన తట్టకపోవడమే కారణం. మిగిలిన ఏడుగురు అబ్బాయిలూ అండర్ ఫిఫ్టీన్‌కి పోతారు. జోడీకి ఆ దారి లేదు. పై జట్టు కోచ్ ముందే చెప్పేశాడు, "హే, నో మేన్. పెద్దమ్మాయిలు నెట్‌బాల్ ఆడుకోవాలి" అని. ఈ ఏడాది ఆడితే ఆడినట్టు. లేకపోతే గ్లవుజులు ఇంట్లో ఆడ్రీ అవ్వకి పొయ్యి మీద గిన్నెలు దించడానికి పనికొస్తాయి.

"మామా, మరి నేను?" అంది జోడీ ఇంటికెళ్ళేటప్పుడు.

"చూడు పిల్లా, నియమం నియమమే," అన్నారు హెర్బర్ట్ గారు గంభీరంగా. "దాంట్లోంచి దూరే సందు దొరికేదాకా."

ఆ సందు రెండో వారంలోనే దొరికింది. డర్బన్‌లో ఓవర్‌పోర్ట్ పేటలో ఒక బట్టల షాపు మేడ మీద యూనిటీ సంఘం సమావేశమైంది. పుట్టిన తేదీకి ఋజువేమిటని పెద్ద చర్చ జరిగింది. పాత ప్రభుత్వపు కాగితాల్లో సగం తప్పులు, సగం మందికి అసలు కాగితాలే లేవు. మూడుసార్లు వాకౌట్ జరిగింది, మూడుసార్లూ సమోసాలు రాగానే వెనక్కొచ్చారు. చివరికి వయసుల సబ్‌కమిటీ అధ్యక్షురాలు ప్యాట్రీషియా గారు అందరూ మెచ్చే పరిష్కారం చూపించారు. చర్చివాళ్ళు అబద్ధం ఆడరు గనక బాప్తిస్మం సర్టిఫికెట్ మీదున్న తేదీనే పుట్టిన తేదీగా తీసుకోవాలి. సర్టిఫికెట్ లేనివాళ్ళకి మాత్రమే ప్రభుత్వ కాగితం. ప్యాట్రీషియా గారి చర్చిలో బిడ్డ పుట్టిన వారానికే నెత్తిన నీళ్ళు చల్లి పేరు పెడతారు. లోకంలో అన్ని చర్చిలూ అంతేననుకున్నారు ఆవిడ.

నియమం ఏకగ్రీవంగా నెగ్గింది. అందరికంటే ముందు చెయ్యెత్తినవారు హెర్బర్ట్ గారు. ఆయన బాప్టిస్టు. బాప్టిస్టుల్లో పసిపిల్లల్ని ముంచరు. పిల్లలు పెరిగి, వాళ్ళంతట వాళ్ళు "నమ్ముతున్నాను" అన్నప్పుడే నిలువునా నీళ్ళలో ముంచి, ఆ రోజు తేదీతో సర్టిఫికెట్ ఇస్తారు.

ఒట్టావా చర్చిలో వేదిక కింద బాప్తిస్మపు తొట్టి ఉంది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో పలకలు తీసి నీళ్ళు నింపేవారు. ఆ నెలలో పలకలు మళ్ళీ మూయనే లేదు. పాస్టర్ ఐజాక్ గారు ముప్ఫై ఏళ్ళ సేవలో ఇంత ఉజ్జీవం ఎరగరు. మొదటి ఆదివారం మార్నింగ్ స్టార్ అండర్ థర్టీన్, రెండో ఆదివారం రిజర్వు ఆటగాళ్ళు దిగారు. మూడో ఆదివారం సీ కౌ లేక్ క్లబ్ చైర్మన్ కోగీ ఏకంగా బస్సు వేసుకొచ్చాడు. అతని పిల్లలు ముందురోజే కోవెలకెళ్ళి సుబ్రహ్మణ్య స్వామికి చెప్పుకుని మరీ వచ్చారు.

"పాస్టర్ గారూ, కొంచెం త్వరగా," అన్నాడు కోగీ వినయంగా. "బస్సు అద్దె గంటల లెక్క."

రెండు వారాలు వెనకాడి, ఆ రోజు జోడీ కూడా తువ్వాలు పట్టుకుని వరసలో నిలబడింది. పొద్దున్న ఇంట్లో ఆడ్రీ అవ్వ ఒక్కటే మాట అంది. "ఏమి పిల్లా. మనసు చెప్తే దిగు. మామ చెప్తే దిగొద్దు. నీళ్ళు ఒక్కసారే." ఆ మాట దారిపొడుగునా జోడీ చెవిలోనే ఉంది. ముందున్న డీన్‌కి పదహారేళ్ళు, మీసాలున్నాయి. నియమంలో ఇంత చోటున్నప్పుడు పదమూడు దగ్గరే ఎందుకు ఆగాలని హెర్బర్ట్ గారు అతన్ని అండర్ ఫిఫ్టీన్ నుంచి కిందికి దింపారు.

"నమ్ముతున్నావా?" అడిగారు పాస్టర్ గారు.

"యెస్ పాస్టర్," అన్నాడు డీన్. మునిగాడు, లేచాడు. మీసాల వెంట నీళ్ళు కారుతుండగా కొత్తగా పుట్టాడు.

"జోడీ, తల్లీ, నువ్వెందుకు దిగుతున్నావు?"

అందరినీ అడిగిన ప్రశ్న అడిగి ఉంటే ఏమయ్యేదో. ఆయన ఆ పిల్లని చిన్నప్పట్నించీ ఎరుగుదురు గనక ముద్దుగా మార్చి అడిగారు. జోడీకి అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. ఎప్పటిలాగే ఎవరికీ వినబడని గొంతుతో, "గోల్ కాయడానికి, పాస్టర్," అంది.

పాస్టర్ గారు నడుం లోతు నీళ్ళలోంచి ఒకసారి కిందికీ, ఒకసారి వరస వంకా చూశారు. నీళ్ళు మైదానం మట్టితో ఎర్రగా ఉన్నాయి. వరస గుమ్మం దాటి రోడ్డు మీదికి ఉంది.

"నెక్స్ట్," అన్నారు.

జోడీ తడవని తువ్వాలుతో ఇంటికెళ్ళింది. హెర్బర్ట్ గారు వాకిట్లోనే పట్టుకున్నారు. "ఐష్! ఒక్క యెస్ అంటే నీ సొమ్మేం పోయింది? ఊరంతా అంది! కోగీ టీమ్‌లో పూజారి కొడుకు కూడా అన్నాడు!"

"ఓరే హెర్బర్ట్," అంది ఆడ్రీ అవ్వ లోపల్నించి. "నువ్వు పోయి బాల్ తన్ను. పిల్లని తన్నొద్దు."

రిజిస్ట్రేషన్ రోజున ప్యాట్రీషియా గారు సర్టిఫికెట్ చూసి, డీన్‌ని చూసి, మళ్ళీ సర్టిఫికెట్ చూశారు.

"ఇతని వయసు?"

"మూడు వారాలు మేడమ్," అన్నారు హెర్బర్ట్ గారు.

"మీసాలున్నాయి."

"మా వంశంలో పెందలాడే వస్తాయి."

"మూడు వారాల బిడ్డ నడుస్తాడా?"

"పరుగెత్తుతాడు మేడమ్. నియమం మీరే రాశారు. మార్చాలంటే మళ్ళీ అన్ని సంఘాలూ కూర్చోవాలి."

మళ్ళీ కూర్చోవడమంటే మూడు వాకౌట్లు. ప్యాట్రీషియా గారు కళ్ళు మూసుకుని స్టాంపు కొట్టారు.

సీజన్ అద్భుతంగా సాగింది. పసితనంలో నీళ్ళు చల్లించుకున్న పిల్లల క్లబ్బులు, వాళ్ళవి నిజం వయసులే కావడం వల్ల, తొమ్మిది సున్నా, పదకొండు సున్నా తేడాతో ఓడిపోయాయి. సర్టిఫికెట్ల ప్రకారం ఏడాది నిండని రెండు జట్లు ఫైనల్‌కి చేరాయి, ఒట్టావా, సీ కౌ లేక్. జోడీ ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళి గోల్ వెనక నిలబడేది. ఆమె బదులు గోల్ కాస్తున్న డీన్ బంతి వదిలేసినప్పుడల్లా ఆమె చేతులు వాటంతటవే లేచేవి.

ఫైనల్ నగరంలో, నిన్నమొన్నటిదాకా మనవాళ్ళు కంచె బయటినుంచే చూసిన పచ్చటి మైదానంలో. మన మైదానంలో ఇసుక, రాళ్ళు, అప్పుడప్పుడూ ఆవు. ఇక్కడ గడ్డి దుప్పటి పరిచినట్టుంది. గోల్‌కి చిరుగుల్లేని వల కూడా ఉంది. జోడీ చెప్పులు విప్పి గడ్డి మీద ఒక్కసారి నడిచి చూసి, ఎవరైనా అంటారేమోనని మళ్ళీ వేసుకుంది. టోపీ, గ్లవుజులు మాత్రం తీయలేదు.

కొత్త ప్రభుత్వంలో రాష్ట్ర క్రీడల మంత్రిగారు స్వయంగా వచ్చారు. పత్రికలవాళ్ళూ వచ్చారు. మంత్రిగారు వరసగా ఆటగాళ్ళతో చేయి కలుపుతూ డీన్ దగ్గర ఆగారు.

"నీకెన్నేళ్ళు నాయనా?"

"నాలుగు నెలలు సార్," అన్నాడు డీన్. నియమప్రకారం అది నిజం.

మంత్రిగారు నవ్వి ముందుకు జరిగారు. సీ కౌ లేక్ జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడే కుర్రాడి చంకలో ఓ పాప ఉంది.

"చెల్లెలా?"

"కూతురు సార్. నాకంటే ఏడాది పెద్దది."

ఫొటోలు తీస్తున్న పత్రికలవాళ్ళు కెమెరాలు దించి కలాలు తీశారు. మంత్రిగారి నవ్వు ఆగిపోయింది. సబ్‌కమిటీ గొడుగు కింద అత్యవసరంగా సమావేశమైంది. వాకౌట్‌కి వ్యవధి లేదు. ఐదేళ్ళు నిండనివారు అండర్ థర్టీన్ ఆడరాదు అని ప్యాట్రీషియా గారు సవరణ ప్రతిపాదించారు. ఏకగ్రీవం. అప్పుడు లెక్క చూసుకుంటే రెండు జట్లలోనూ ఒక్కరూ మిగల్లేదు.

"మంత్రిగారు వచ్చాక మ్యాచ్ లేకపోతే దేశానికి ఏం సందేశం పోతుంది?" అన్నారు హెర్బర్ట్ గారు. వెంటనే రెండో సవరణ. బాప్తిస్మం లేని పిల్లలకి ప్రభుత్వ కాగితంతో పనిలేదు, పాత పద్ధతిలోనే బడి తరగతిని బట్టి ఆడవచ్చు. ఇదీ ఏకగ్రీవం.

"బాప్తిస్మం లేనివాళ్ళు ముందుకు రావాలి!" అని మైకులో పిలిచారు.

కోగీ తన జట్టు వంక చూశాడు. బస్సు అద్దెతో సహా అందరికీ బాప్తిస్మం అయిపోయింది. పాస్టర్ ఐజాక్ గారు ఆకాశం వంక చూశారు. గోల్ వెనకనుంచి జోడీ మెల్లగా లోపలికి నడిచింది.

"ఏ తరగతి?" అడిగారు ప్యాట్రీషియా గారు.

జోడీ పెదవులు కదిలాయి.

"స్టాండర్డ్ ఫైవ్ అంటోంది మేడమ్!" అని లొరెయిన్ అరిచింది.

రిఫరీ దగ్గాడు. "ఒక పక్క కనీసం ఏడుగురు ఉండాలి. రెండో పక్క కూడా ఎవరో ఒకరు ఉండాలి."

"అది పాత పాలనలో రాసింది," అన్నారు ప్యాట్రీషియా గారు. "మొదలుపెట్టండి."

విజిల్ మోగింది. జోడీ బంతిని ముందుకు తోసింది. అంత పెద్ద మైదానంలో ఆమెకి ఎదురెవరూ రాలేదు. మొదట నడిచింది, తర్వాత పరుగెత్తింది. గడ్డి మెత్తగా ఉంది, బంతి ఎక్కడా రాయికి తగిలి పక్కకి పోలేదు. గోల్‌కీపర్ గనక గోల్ కొట్టడం ఆమెకి అలవాటు లేదు. నిలబడి గురి చూసి తన్నింది. చిరుగులేని వల కొంచెం ఊగింది.

స్టాండ్స్ లేచి చప్పట్లు కొట్టాయి. జోడీ ఆ చప్పట్లు విననట్టే వెనుదిరిగి, మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తుకెళ్ళి తన గోల్‌లో నిలబడింది. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఖాళీ మైదానాన్ని కాయసాగింది.

వేదిక మీద ప్రసంగాలు మొదలయ్యాయి. ఎన్నికల్లాగే ఈ ఆట కూడా స్వేచ్ఛగా, సక్రమంగా జరుగుతోందని మంత్రిగారు అభినందించారు. హెర్బర్ట్ గారు తల వంచి అభినందన స్వీకరించారు.

"ఇంతకీ ఆ కుర్రాడెవరు?" అడిగారు మంత్రిగారు. "ఒక్కడే ఎంత క్రమశిక్షణతో నిలబడ్డాడు!"

"ఆ కుర్రాడు మా చెల్లెలి కూతురండీ," అన్నారు హెర్బర్ట్ గారు గర్వంగా.

మంత్రిగారు ప్యాట్రీషియా గారి వంక చూశారు. ఆవిడ నియమావళి తిరగేశారు, మొదటినుంచి చివరిదాకా, చివరినుంచి మొదటిదాకా. ఆడపిల్లల మాటే ఎక్కడా లేదు. తర్వాత గొడుగు మళ్ళీ తెరిచారు. హెర్బర్ట్ గారి అధ్యక్షతన కొత్త సబ్‌కమిటీ అక్కడికక్కడే ఏర్పడింది. గోల్ చెల్లుతుందో లేదో సబ్‌కమిటీ తేల్చేదాకా గోల్‌కీపర్ కదలరాదు అన్నది దాని మొదటి తీర్మానం.

"వెనక్కి రండి!" అని మైదానం చివర జోడీ గొంతు ఖంగున మోగింది. వెనక్కి రావడానికి అక్కడ ఎవరూ లేరు.

తీర్మానం సంగతి ఆమెకి చెప్పిరమ్మని లొరెయిన్‌ని పంపారు. లొరెయిన్ సగం దూరం వెళ్ళి, గోల్‌లో ఎలాగూ కదలకుండా నిలబడ్డ జోడీని చూసి, చెప్పకుండానే తిరిగొచ్చింది.