నాలుగు మంచి అద్దాలు, రెండు గీతలు పడ్డవి

ఆ ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అమ్మ పెట్టింది తిని, పదింటికల్లా షాపు తెరవడం. ఇరవై ఏళ్ళుగా అదే వరస. ఆ వరస తప్పడానికి కారణం భోజనాల బల్ల మీద భార్య వదిలి వెళ్ళిన లెక్కల నోటుపుస్తకం.

ఆమె ఆసుపత్రిలో రికార్డుల గది గుమాస్తా. ఏడింటికే డ్యూటీకి వెళ్ళిపోతుంది. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి పై ఉద్యోగానికి పిలుపు వచ్చింది గానీ, దానికి ఒక పరీక్ష పాసవ్వాలి. పరీక్షలో సగం సంభావ్యత, సగటులు. వాటికోసం వారానికి రెండు రోజులు సెలవు కూడా ఇచ్చారు. నాణేలు, పాచికలు, సంచిలో రంగు బంతులు ఆమెకు బడి మానేసిన నాటినుంచీ కనిపించలేదు. అందుకని మేడమీద అద్దెకుంటున్న లెక్కల మాస్టారి దగ్గర రోజూ సాయంత్రం గంటసేపు చెప్పించుకుంటోంది.

మాస్టారికి నలభై అయిదేళ్ళు. పెళ్ళి కాలేదు. తలనిండా జుట్టుంది. ఈ మూడింటిలో కళ్ళజోళ్ళాయనను ఎక్కువగా బాధపెట్టింది మూడోది.

అసలు మొదట తనే చెబుతానన్నాడు. "నాణెం అయిదుసార్లు ఎగరేస్తే అయిదుసార్లూ బొమ్మే పడింది. ఆరోసారి ఏం పడుతుంది?" అని ఆమె అడిగితే, "బొరుసే పడాలి. దేవుడు మరీ అంత పక్షపాతం చూపిస్తాడా?" అన్నాడు. ఆమెకు నిజమేననిపించింది. సాయంత్రం మేడమీదికి వెళ్ళి అదే చెప్పింది. దిగి వచ్చి, "నాణేనికి వెనకటి సంగతులు గుర్తుండవటండీ. ఎప్పుడైనా సగం సగమేనట. మాస్టారు చెబితే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంటుంది" అంది.

ఆ అరటిపండు అతని గొంతులో అడ్డం పడి అప్పటికి పది రోజులైంది. పైగా సాయంత్రాలు షాపు కట్టి వచ్చేసరికి మేడమీది వరండాలోంచి నవ్వులు వినిపించేవి. లెక్కల్లో నవ్వడానికి ఏముంటుంది? ఇరవై ఏళ్ళు కళ్ళజోళ్ళు అమ్మాడు, ఆమెను ఒక్కసారైనా అంతలా నవ్వించగలిగాడా?

నోటుపుస్తకం తెరిచాడు. పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు. సంచిలో అయిదు ఎర్ర బంతులు, మూడు నీలం బంతులు. ఎర్ర బంతి వచ్చే అవకాశం అయిదు బై ఎనిమిది. అద్దాల అంచులు అరగదీసే చెయ్యి అతనిది, సన్నపనికి అలవాటు పడింది. రబ్బరుతో కాస్త తుడిచి, అయిదును మూడు చేశాడు. ఆమె రాసిన మూడే అనిపించేలా చేశాడు. తప్పు చూసి మాస్టారు విసుక్కుంటాడు, రెండు రోజులు విసుక్కుంటే ఆమెకు రోషం వస్తుంది, చదువు కిందికి దిగుతుంది. అదీ ఆలోచన.

సాయంత్రం ఆమె గంటన్నరకు గాని కిందికి రాలేదు.

"ఇంత ఆలస్యమేం?"

"ఒక లెక్క తప్పు చేశానండీ. పాపం, మాస్టారు ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. అర్ధగంట ఎక్కువ పట్టింది."

అతను ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఒక్క తప్పు చాలలేదనుకున్నాడు. మర్నాడు రెండు పాచికల లెక్కలో ఒకటి బై ఆరును పట్టుకుని, ఆరు నెత్తిన చిన్న సున్నా చుట్టి ఎనిమిది చేశాడు. ఆ మర్నాడు రోగుల వయసుల సగటు నలభై రెండును డెబ్బై రెండు చేశాడు. ఆమె పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిన ప్రతిరోజూ, దణ్ణం పెట్టుకోవడం పూర్తికాగానే రబ్బరు తీసేవాడు. దేవుణ్ణి మాత్రం నిజాయితీగానే అడిగేవాడు: ఆవిడ పరీక్ష పాసవ్వాలి, కాకపోతే మాస్టారి వల్ల కాకూడదు. దేవుడికి ఆ కోరిక ఎలా తీర్చాలో తోచినట్టు లేదు.

తప్పులు పెరిగేకొద్దీ పాఠాలు పెరిగాయి. గంట రెండు గంటలైంది. ఆదివారమైతే పొద్దున కూడా మొదలైంది. రెండో వారానికి, "మెట్లెక్కి దిగే టైము వృథా అమ్మా, నేనే కిందికి వస్తాను" అని మాస్టారు ఇంట్లోకే వచ్చేశాడు. వచ్చి, నేరుగా కళ్ళజోళ్ళాయన కూర్చునే చేతుల కుర్చీలో కూర్చున్నాడు.

"అది నేను కూర్చునే..." అని ఇతను అనబోయాడు.

"ఒరేయ్, నువ్వా ముక్కాలిపీట లాక్కో. ఆయనకు నడుం నొప్పట" అంది అమ్మ.

అమ్మ కూడా అటే వెళ్ళిపోయింది. మాస్టారు ఆవిడ రక్తపోటు చీటీలన్నీ చూసి సగటు తీసి, "మీది కుర్రవాళ్ళ రక్తపోటండీ" అన్నాడట. అప్పటినుంచి ఆవిడ రోజుకు రెండుసార్లు ఆయనకు కాఫీ పెడుతోంది. కొడుకు అడిగితే, "పాలు లేవురా" అంటోంది.

ఇంకా మూడు రోజుల్లో పరీక్ష అనగా, ఆమె నోటుపుస్తకం మూసేసి బల్ల మీద తల పెట్టుకుంది.

"నేను పరీక్షకు వెళ్ళనండీ."

"అదేమిటి?"

"చేసేటప్పుడు కరెక్టుగానే చేశాననుకుంటాను. సాయంత్రం చూస్తే తప్పుంటోంది. నా బుర్రకేదో అయ్యింది. పదకొండేళ్ళు ఫైళ్ళ దుమ్ము పీలిస్తే ఇంకేమవుతుంది? నాకా ఉద్యోగం రాసిపెట్టి లేదు."

ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి అతను తన చేతి వంక చూసుకున్నాడు. ఎన్ని దణ్ణాలు పెట్టినా, ఇలాంటి పని చేసే చెయ్యి దణ్ణం పెడితే దేవుడు పుచ్చుకుంటాడా? ఇక రబ్బరు ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం ఆ ఒట్టు మీదే నోటుపుస్తకం తెరిచాడు, చెరపడానికి కాదు, చూడటానికే. ఒక పెట్టెలో ఆరు బల్బులు. నాలుగు మంచివి, రెండు పాడైనవి. చూడకుండా ఒకదాని తర్వాత ఒకటి రెండు తీస్తే, రెండూ మంచివే అయ్యే అవకాశమెంత? ఆమె నాలుగు బై తొమ్మిది అని రాసింది. ఇది తను మార్చింది కాదు, ఆమె సొంతది. అయినా ఎందుకో మనసొప్పలేదు. లెక్కను చీటీ మీద రాసుకుని, నోటుపుస్తకాన్ని కూడా సంచిలో వేసుకుని షాపుకు వెళ్ళాడు.

బల్బులు లేవు, అద్దాలున్నాయి. నాలుగు మంచి అద్దాలు, రెండు గీతలు పడ్డవి ఒక డబ్బాలో వేశాడు. చూడకుండా తియ్యాలి. తను తీస్తే వేళ్ళకు గీత తెలిసిపోతుంది. అప్పుడే కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి ఒక పెద్దాయన వచ్చి, జోడు తీసి బల్ల మీద పెట్టాడు. జోడు లేకపోతే ఆయనకు షాపు గుమ్మం కూడా కనిపించదు. అంతకంటే ఏం కావాలి?

"బాబాయిగారూ, ఇందులోంచి రెండు అద్దాలు తియ్యండి."

"నా జోడుకా?"

"కాదు, మా ఆవిడ పరీక్షకు."

పెద్దాయన వందసార్లు తీశాడు. అరవయ్యోసారికి, "నాయనా, నా జోడు సంగతేమైనా..." అన్నాడు. "ఇంకెంత, నలభై" అన్నాడు ఇతను. రెండూ మంచివి వచ్చింది నలభై ఒక్కసారి. ఆమె చెప్పిన ప్రకారం నలభై నాలుగు దాకా రావాలి. మూడే తేడా, దాంతో ఏమీ తేలదు. కానీ వందసార్లు ఆ డబ్బా వంక చూశాక అతనికి అసలు సంగతి తట్టింది. మొదటి అద్దం తీసి బయట పెట్టాక డబ్బాలో ఆరు ఎక్కడున్నాయి? అయిదే! మంచివీ మూడే! నాలుగు బై ఆరు, మూడు బై అయిదు, హెచ్చిస్తే రెండు బై అయిదు. అతను లేచి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒక లెక్క తనంతట తాను చేశాడు. ఆమె నాలుగు బై తొమ్మిదిని చెరిపి రెండు బై అయిదు అని ఆమె చేతిరాతలోనే రాశాడు. ఇది పాపం కాదు, ప్రాయశ్చిత్తం అని సర్దిచెప్పుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు నోటుపుస్తకాన్ని ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మాస్టారు చేతుల కుర్చీలో, భార్య ఎదురుగా, అమ్మ కాఫీతో ఉన్నారు. ముక్కాలిపీట ఇతనికోసం సిద్ధంగా ఉంది.

"రండి. ఇవాళ పుస్తకంలో లెక్క కాదు, ఇంట్లో లెక్క చేశాం" అన్నాడు మాస్టారు.

ఆమె ఒక కాగితం తీసి చదివింది. "మొదటి తప్పు దొరికిన రోజునుంచి నిన్నటికి ఇరవై ఒక్క రోజులు. నేను పొద్దున ఇంట్లో ఉన్నది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిదింటిలో తప్పులు లేవు. డ్యూటీకి వెళ్ళింది పన్నెండు రోజులు. అందులో పదకొండు రోజులు తప్పులున్నాయి."

"అమ్మో! ఇంట్లో ఏదైనా గాలి చేరిందేమోనే" అంది అమ్మ.

"మీరు ఇరవై ఒక్క రోజులూ ఇంట్లోనే ఉన్నారత్తయ్యా, కాబట్టి తేడా మీ వల్ల కాదు. తప్పు లేని ఆ ఒక్క రోజూ ఈయన సరుకు దింపించుకోవాలని ఆరింటికే షాపుకు వెళ్ళారు."

కళ్ళజోళ్ళాయన ముక్కాలిపీట మీద అటూ ఇటూ జరిగాడు. అయినా నోరు పెగుల్చుకుని, "కాకతాళీయం కావచ్చు కదా?" అన్నాడు.

"కావచ్చు" అన్నాడు మాస్టారు వెంటనే. "మంచి ప్రశ్న వేశారు. ఇది అనుమానమే, రుజువు కాదు."

బతికాననుకున్నాడు. మొదటిసారి మాస్టారి మీద కాస్త ప్రేమ కూడా కలిగింది.

మాస్టారు నోటుపుస్తకం తిప్పి ఆగిపోయాడు. "అమ్మా, ఈ బల్బుల లెక్క! బయటికి తీసింది మళ్ళీ పెట్టెలో వెయ్యలేదని గమనించావు చూడు, అదీ బుర్రంటే. నా దగ్గర చదివినవాళ్ళలో సగంమంది ఇక్కడే బోల్తాపడతారు. భేష్!"

ఆమె ఒక్క క్షణం ఆ పేజీ వంక చూసింది. తర్వాత భర్త వంక చూడకుండా, తల వంచుకుని, "అంతా మీ చలవే మాస్టారూ" అంది.

ముక్కాలిపీట దభీమని వెనక్కి పడింది.

"ఆయన చలవేమిటి? నువ్వు నాలుగు బై తొమ్మిది వేశావు! అది చెరిపి రెండు బై అయిదు వేసింది నేను! వందసార్లు తీయించి, డబ్బా ముందు కూర్చుని..."

అమ్మ కాఫీ గ్లాసు మెల్లిగా కింద పెట్టింది.

"ఇప్పుడు రుజువు" అన్నాడు మాస్టారు.

ఆమె తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె అతని వంక చూసి, "మిగతా పదకొండూ కూడా మీరేనా?" అంది. అతను తల ఊపాడు. "అంటే నా బుర్రకేం కాలేదన్నమాట" అంది ఆమె నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. ఆ తర్వాత కుర్చీ జరుపుకుని, "ఆ వందసార్ల సంగతేమిటో చెప్పండి" అంది.

చెప్పాడు. పెద్దాయన జోడు దగ్గరికి వచ్చేసరికి ఆమె పడీపడీ నవ్వింది. మేడమీదినుంచి వినిపించిన నవ్వుల కంటే పెద్దగానే నవ్వింది. మాస్టారు రెండుసార్లు దగ్గి, "అయితే నేను రేపొస్తాను" అని లేచాడు. మెట్లెక్కుతూ ఆయన అమ్మను అడిగాడట, మీ అబ్బాయికి లెక్కలు ముందే వచ్చా అని. గొంతులో ఏదో అడ్డం పడినట్టే ఉందట.

ఆమె పరీక్ష పాసైంది. ఇప్పుడు పై ఉద్యోగంలో ఉంది. కొత్తగా చేరిన ఒక కుర్ర గుమాస్తాకు సంభావ్యత లెక్కలు నేర్పుతోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజునుంచీ నోటుపుస్తకంలో పెన్నుతో రాస్తోంది.