పది పరలు, ఒక ఖాళీ గడి

నేల ఎక్కడున్నా, ఎంతున్నా, దాని కొలత కంప్యూటర్ తెరమీద కనబడితేనే అది నేల అనిపించుకుంటుందని కేరళలోని మా కుట్టనాడు ఊరి విలేజ్ ఆఫీసు ఎప్పుడో తేల్చేసింది. (ఈ విషయంలో నేలను సంప్రదించలేదు.)

మా పాత దస్తావేజుల్లో పొలాన్ని ఎకరాల్లో రాయరు. ఎన్ని పరల విత్తనం పడుతుందో రాస్తారు. పర అంటే ఇంటింటా ఉండే కొలత పాత్ర. రోజుకు వందసార్లు ఆ మాట రాయలేక పూర్వపు గుమాస్తాలు దానికి మలయాళంలో ఒక గుర్తు పెట్టుకున్నారు. దస్తావేజులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఏడాది తెలిసిందేమిటంటే, ఆ గుర్తు కంప్యూటర్‌కు తెలియదు. తెలియని చోటల్లా అది ఒక ఖాళీ గడి గీసి ఊరుకుంది. అలా డెబ్బై ఏళ్ల ఇట్టియవిర అచ్చాయన్ పొలం రికార్డులో ‘పది’ పక్కన ఒక ఖాళీ గడి మిగిలింది.

ఆయనకు ఉన్నది ఆ పొలమొక్కటే. మా పొలాలు నీటి మట్టానికి కింద ఉంటాయి. మోటారుతో నీళ్లు తోడితేగాని విత్తనం చల్లలేం. మోటారుకు కరెంటు ఇవ్వాలంటే కొలత రాసిన పొలం పత్రం కావాలి. తులా మాసం విత్తులకు ఇంకా రెండు నెలలుంది. ఆయనకు చదువు తక్కువ, కోపం ఎక్కువ కాబట్టి, దరఖాస్తు రాసిపెట్టడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

విలేజ్ ఆఫీసర్ రత్నవల్లి మేడమ్ మంచి మనిషి. ముందు కుర్చీ వేయించింది.

“పది అని ఉంది అచ్చాయా. పది ఏమిటో లేదు.”

“పరలు మేడమ్! ఇదిగో, మా తాతనాటి కాగితం, మీరే చూసుకోండి.”

“చూస్తే చదివేస్తాను. కాగితం చూసి చదవకూడదని సర్క్యులర్. కంప్యూటర్లో ఉన్నదే చదవాలి.”

“అందులో గడే కదా ఉంది! దాన్నేమని చదువుతారు?”

“అదే కదా మిమ్మల్ని అడుగుతున్నాను.”

సర్వేయర్ వెళ్లి, పొలం గడి ఆకారంలో ఉందో లేదో చూసి, ‘సుమారుగా’ అని నివేదిక ఇచ్చాడు. అచ్చాయన్ ఇంట్లోని పరను పడవలో వేసుకొచ్చి ఆఫీసు బల్లమీద పెట్టాడు. దాన్ని అనుబంధం-మూడుగా స్వీకరించి, ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

చివరికి, గుర్తుకు ఒక సంఖ్య ఇచ్చి లోకంలోని కంప్యూటర్లన్నిటికీ నేర్పే పని సముద్రాల అవతల ఉన్న ప్రపంచ లిపుల మండలిదని తేలింది. రాశాను. మండలి చాలా మర్యాదగా జవాబిచ్చింది: ఈ గుర్తు ఇంకా వాడుకలో ఉందని స్థానిక అధికారి ధ్రువీకరించాలి. మేడమ్ రికార్డులన్నీ వెతికి, ‘మా కంప్యూటర్‌లో ఎక్కడా కనబడలేదు గనుక వాడుకలో లేదు’ అని ధ్రువీకరించింది.

దాంతో ఊరికి పౌరుషం వచ్చింది. గ్రంథాలయంలో అఖిలపక్షం కూర్చుంది. గుర్తు కావాలని ఒక పార్టీ, ఆ మాట ముందు అన్నది తామేనని ఇంకో పార్టీ కలిసి హర్తాళ్ చేశాయి. (ఆ రోజు విలేజ్ ఆఫీసు మూతపడి మా దరఖాస్తు ఇంకో రోజు ఆగింది.) టీకొట్టు బోర్డు మీద, పడవల మీద, ఆఖరికి శుభలేఖల మీద కూడా ఆ గుర్తు వేయించారు. ఫోటోలన్నీ పంపాం. వాడుక ఇంత జోరుగా ఉన్నందుకు మండలి సంతోషం తెలిపింది.

నాలుగేళ్లకు గుర్తుకు సంఖ్య వచ్చింది. ఒకసారి ఇచ్చిన సంఖ్యను ఎప్పటికీ తీసేయరట. ఆఫీసులో లడ్డూలు పంచారు. మేడమ్ తెర మావైపు తిప్పింది. గడి పోయింది, దాని చోట నిండుగా గుర్తు. అచ్చాయన్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు.

అప్పుడు పత్రం అచ్చయి వచ్చింది. నాలుగు విత్తులు దాటినా నీళ్లు తోడని పొలాన్ని కంప్యూటర్ తనంతట తానే జలాశయాల పట్టీలోకి మార్చుకుందట. పత్రంలో ‘పది పరల సరస్సు’ అని ఉంది.

“మేడమ్, మరి నేను విత్తనం ఎక్కడ చల్లను?”

“సరస్సుకు మోటారు కరెంటు ఇవ్వరు అచ్చాయా,” అంది ఆమె, నిజంగానే బాధపడుతూ. “కానీ చూడండి, గుర్తు ఎంత చక్కగా వచ్చిందో.”