కార్యదర్శి గారి కామెర్లు

ఆదివారం పదిగంటలకు అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం. అందులో విటమిన్ల మీద పది నిమిషాలు మాట్లాడి, బెంగళూరు సర్జాపుర రోడ్డు జనాన్ని ఉద్ధరించాలని గురుమూర్తి తీర్మానించుకున్నాడు. ఆయన చదివింది కంప్యూటర్ ఇంజనీరింగు. ఆరోగ్యం మీద నలభై వీడియోలు చూశాడు కనుక డాక్టర్లంటే చిన్నచూపు. ముందురోజే కింది ఫ్లాట్లలోని లలిత్‌కీ, కిరణ్మయికీ బి కాంప్లెక్స్ మాత్రలు పంచిపెట్టాడు. ఆదివారం పొద్దున తాను రెండు మింగాడు. ఒకటైతే సామాన్యులకు సరిపోతుందట.

"పాలు, గుడ్లు, ఆకుకూరలు రోజూ తీసుకుంటూనే ఉన్నారు కదండీ, ఇవెందుకు?" అంది భార్య ఛాయాదేవి.

"ఫుడ్‌లో ఏముంటుంది ఛాయా? అంతా ఎంప్టీ కేలరీస్!"

తొమ్మిదింటికి బాత్రూంలోంచి బయటికొచ్చినవాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. మూత్రం ముదురు పసుపురంగులో మెరిసిపోతూ వచ్చింది.

"జాండిస్ ఛాయా! ట్యాంకర్ వాటరే రీజన్!"

డాక్టరుకు ఫోన్ చేయడానికి ముందే రెండువందల ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. కాసేపటికే లలిత్, కిరణ్మయి తమకూ అదే రంగని రాశారు. మూడు కేసులు! పంచిన మాత్రల సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పదింటికల్లా స్నానాలు ఆగాయి, పొయ్యి మీది పప్పులు సింకుల పాలయ్యాయి. ఒకాయన మినరల్ వాటర్‌తో కాళ్లు కడుక్కున్నాడు.

సమావేశంలో విటమిన్ల ఊసే లేదు. కార్యదర్శి ఓబళప్ప, పాత బెంగళూరు మనిషి, ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"మొన్ననే టెస్టు చేయించినామప్పా. నీళ్లు బాగుండాయి. ఇదో, రిపోర్టు ఉండాది."

"రిపోర్ట్ ఫేక్! రిజైన్ చేయండి!" అని గురుమూర్తి అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఓబళప్ప ముఖం చిన్నబోయింది. అక్కడే రాజీనామా రాసిచ్చాడు. అదే ఊపులో జనం గురుమూర్తిని కార్యదర్శిగా ఎన్నుకున్నారు.

కొత్త కార్యదర్శిని ఛాయాదేవి ఆటోలో క్లినిక్‌కు లాక్కెళ్లింది. డాక్టర్ అనసూయ కనురెప్పలు లాగి చూసింది, రక్తపరీక్ష చేయించింది. అంతా మామూలే.

"మాత్రలేమైనా వాడుతున్నారా?"

"మాత్రలు కాదు మేడమ్, బి కాంప్లెక్స్ సప్లిమెంట్స్."

"వాటిలో బి2 విటమిన్ ఉంటుంది. దాని రంగే పసుపు. ఒళ్లు కావలసినంత ఉంచుకుని మిగతాది బయటికి పంపేస్తుంది. పాలూ గుడ్లూ తీసుకునేవాళ్లకు అది తిండిలోనే దొరుకుతుంది. మీకు కామెర్లూ లేవు, ఏమీ లేవు."

ఛాయాదేవి కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది.

గ్రూపులో తప్పు ఒప్పుకునే ధైర్యం లేక గురుమూర్తి నేరుగా ఓబళప్ప ఇంటికి వెళ్లాడు. "వెరీ సారీ సార్. మీ పోస్ట్ మీరే తీసుకోండి, ప్లీజ్!"

ఓబళప్ప బాల్కనీలో కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్నాడు. పొద్దుటి బాధ ముఖంలో ఎక్కడా లేదు.

"నాలుగేండ్లుగా దీన్ని వదిలించుకోవల్లని చూస్తా ఉండాను. ఎవురూ ముందుకు రాల్యా. దేవుని మాదిరి వచ్చినావప్పా!"

అంతలో గురుమూర్తి ఫోను మోగింది. సి బ్లాకు లిఫ్టు మధ్యలో ఆగిపోయిందట, లోపల నలుగురున్నారట.